హంతకుని హృదయపరివర్తనము

అపరాధిని బంధించుట ప్రభుత్వమునకు సాధ్యము. వాని హృదయమును మార్చుట మాత్రము ఏ కారాగారమునకును స్వాధీనము గాదు. ఇటలీ దేశస్థుడగు అలెస్సాండ్రో సెరెనెల్లీ జీవితము ఈ సత్యమునకు నిదర్శనము.

1882లో జన్మించిన అలెస్సాండ్రో తన తండ్రితోగూడ రోము నగరమునకు దక్షిణమున, మలేరియాకు నిలయమైన చిత్తడినేలలలో, లె ఫెర్రియెరె యను పల్లెయందు పాలునకు సేద్యము చేసికొనుచుండెను. ఆ యింటనే గొరెట్టీ కుటుంబమువారును కాపురముండిరి. ఆ కుటుంబపు యజమాని 1900లో మలేరియాచే మరణింపగా, భార్య అస్సుంతా పొలముపనికి పోవుచు, ఇంటిపనియు పసిబిడ్డల పోషణయు కుమార్తె మరియాకు అప్పగించెను. 1902 జూలై 5వ తేదీన, పెద్దలందరు కళ్లమునందున్న సమయమున, అలెస్సాండ్రో ఆ బాలికపై అత్యాచారమునకు పూనెను. పండ్రెండేండ్లయినను నిండని ఆమె అది పాపమని యెదిరింపగా, మొనదేల్చిన యినుప పనిముట్టుతో ఆమెను 14 పోట్లు పొడిచెను. మరునాడు నెట్టూనో పట్టణపు ఆసుపత్రిలో, హంతకుని క్షమించితినని చెప్పి, ఆమె ప్రాణములు విడిచెను.

ఇటలీ శిక్షాస్మృతినుండి మరణశిక్ష 1889లోనే తొలగింపబడి యుండెను. యావజ్జీవ కారాగారమే పరమదండనము. అపరాధికి 21 ఏండ్లు నిండనందున న్యాయస్థానము 30 ఏండ్ల శిక్ష విధించి, అతనిని సిసిలీ ద్వీపమునందలి నోటో చెరసాలకు పంపెను.

చెరసాలలో మొదటి యేండ్లయందు అతనికి పశ్చాత్తాపము లేశమైనను కలుగలేదు. సంకెల శరీరమును వంచినదేగాని మనస్సును వంచలేదు. కొన్నియేండ్లు గడచిన పిదప ఒకరాత్రి స్వప్నమున మరియా కనిపించి తనకు తెల్లని లిల్లీపువ్వులను అందించినట్లు అతడు చెప్పెను. నమ్మువారు దీనిని దైవానుగ్రహమందురు. నమ్మనివారు అంతరాత్మ ప్రబోధమందురు. ఆ పట్టణపు బిషప్పు బ్లాండీనీ చెరసాలకు వచ్చి అతనితో మాటలాడెను. 1910లో అలెస్సాండ్రో ఆ బిషప్పునకు లేఖ వ్రాసి తన పాపమును ఒప్పుకొనెను. బాలిక క్షమ 1902లోనే వెలువడినది. దానిని స్వీకరింపగల హృదయము హంతకునికి కలుగుటకు ఇన్నియేండ్లు పట్టినది.

సత్ప్రవర్తన కారణమున మూడేండ్లు తగ్గింపబడి, 1929లో అతడు విడుదలయ్యెను. చట్టమునకు చెల్లింపవలసిన ఋణము తీరినది. అయినను తల్లికి చెల్లింపవలసినది మిగిలియే యుండెను. 1934 క్రిస్మస్ పర్వమున అతడు కొరినాల్డో పట్టణమునకు పోయి, అస్సుంతా గుమ్మమునందు నిలిచి, క్షమింపుమని వేడెను. తన బిడ్డయే క్షమించినప్పుడు తానెట్లు నిరాకరింపగలనని ఆమె భావించెను. మరునాడు ఆ యిరువురును చర్చియందు ప్రక్కప్రక్కన నిలిచి ప్రసాదము స్వీకరించిరి.

పిమ్మట అలెస్సాండ్రో కపుచిన్ సన్న్యాసుల మఠములలో తోటపనియు ద్వారపాలకత్వమును చేసికొనుచు జీవించెను. మరియా పవిత్రతను విచారించిన మతాధికారులయెదుట తానే సాక్ష్యమిచ్చెను. 1950లో ఆమె పునీతురాలుగా ప్రకటింపబడినప్పుడు వృద్ధురాలగు తల్లి ఆ యుత్సవమును కన్నులార చూచెను. 1970 మే 6వ తేదీన, 87 ఏండ్ల ప్రాయమున, మాచెరాటా మఠమునందు అలెస్సాండ్రో కన్నుమూసెను.

1961లో వ్రాసిన సాక్ష్యపత్రమునందు అతడు యౌవనమున తాను చదివిన నీచమైన వ్రాతలును, చెడుసావాసమును తన్ను పెడదారి పట్టించినవని చెప్పియున్నాడు. పత్రికలు నడపువారమగు మాకు ఇది చిన్న హెచ్చరిక గాదు. అయితే అతడు నేరమును ఆ వ్రాతలపైకి నెట్టివేయక తానే మోసెను.

ఇట్టివానిని క్షమించుట న్యాయమాయని అడుగువారు కలరు. చనిపోయిన బిడ్డ తిరిగిరాదు. ఎంత పశ్చాత్తాపమైనను ఆ 14 గాయములను మాన్పలేదు. అందుచేతనే క్షమించు అధికారము మనకు లేదు. అది ఆ బాలికకును ఆ తల్లికిని మాత్రమే చెందినది. వారు దానిని వినియోగించిరి. మనము గ్రహింపవలసిన దొక్కటే: దండనము గడువుతో ముగియును, పశ్చాత్తాపమునకు గడువు లేదు. మనుష్యుని ప్రాణముతో నుంచిన చట్టమే అతనికి ఆ దీర్ఘకాలము నొసంగినది.