రాజులు లేని సీమలో కవికి రాజెవరు?

కవులను, గాయకులను, నటులను పోషించుట పురపాలక సంఘముల పనియా యను ప్రశ్న బడ్జెటు దినములలో తఱచుగ వినబడుచుండును. మంచినీటికిని రోడ్లకును చాలని సొమ్ము పాటకును పద్యమునకును ఎక్కడనుండి వచ్చునని పలువు రడుగుదురు. ఆ ప్రశ్నను మేము తేలికగ త్రోసివేయజాలము. అయిన దీనికి సమాధానము ప్రొద్దుటూరి వీథులలో నడచిన యొక మహాకవి జీవితముననే కలదని మా నమ్మకము. కావున పుట్టపర్తి నారాయణాచార్యులవారి చరితమును పాఠకులకు జ్ఞప్తి చేయుచున్నాము.

ఆచార్యులవారు 1914 మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున జన్మించిరి. విజయనగర ప్రభువులకు గురువులై వెలసిన తాతాచార్యులవారి వంశము వారిది. 1565లో తళ్లికోట యుద్ధానంతరము హంపి పాడుపడగా రాయల రాజధాని పెనుగొండకు తరలెను. ఆ పెనుగొండలోనే వారి బాల్యము గడచెను. పూర్వులకు సింహాసనము ప్రక్కన పీఠము వేసిన రాజ్యమున ఆ బాలునికి మిగిలినవి కూలిన గోడలును మొండి బురుజులును మాత్రమే. వానిని చూచి చూచి, ఇంకను చిన్నవయసుననే పెనుగొండలక్ష్మి యను కావ్యము వ్రాసిరి. పిమ్మట తాము విద్వాన్ పరీక్షకు కూర్చుండినపుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథముగ నుండుట సాహిత్యపరులు నేటికిని చెప్పుకొను వింత. పద్యముతోపాటు సంగీతమును నృత్యమును గూడ వారు చిన్ననాడే అభ్యసించిరి.

ఇట్టి ప్రతిభ పూర్వకాలమున పుట్టియుండినచో భువనవిజయమున స్థానము దొరకెడిది. సర్కారు జిల్లాలలో నైన నొక సంస్థానము ఆదరించెడిది. విజయనగర సంస్థానాధిపతులు 1919లో సంగీత కళాశాలను స్థాపించి ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి అధ్యక్షులను జేసిరి. పిఠాపురము రాజావారు సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ధనమిచ్చిరి. మన దత్తమండలముల స్థితి వేఱు. 1800లో ఈ సీమ కుంఫిణీ చేతికి వచ్చినది మొదలు మన్రో దొర పాళెగాండ్ర నణచి రైతువారీకి బాట వేసెను. ఇచ్చట రైతులు మిగిలిరి, వర్తకులు మిగిలిరి. కవిని కూర్చుండబెట్టి అన్నము పెట్టు ఆస్థానము మాత్రము మిగులలేదు.

కనుక రాజగురువుల వంశీయుడు బడిపంతులయ్యెను. ప్రొద్దుటూరిలో తెలుగు పండితులుగ నుండి ఆచార్యులవారు పిల్లలకు పాఠములు చెప్పిరి. ఆ యూరి అగస్త్యేశ్వరస్వామి యాలయమున ప్రదక్షిణములు చేయుచు శివతాండవమును రచించిరని ప్రసిద్ధి. శివుని తాండవమును, పార్వతి లాస్యమును వర్ణించు ఆ గేయకావ్యమున తేట తెలుగు మాటలే మృదంగమువలె మ్రోగును. నాట్యమెఱిగిన పాదమును, రాగమెఱిగిన చెవియును, నిఘంటువులను జీర్ణించుకొన్న బుద్ధియు ఒక్కచోట చేరినగాని అట్టి రచన పుట్టదు. తిరువనంతపురమున నిఘంటు కార్యమున కొంతకాలము పనిచేసిరి. విశ్వనాథవారి ఏకవీరను మలయాళములోనికి మార్చిరి. పిదప కడపలో ఉపాధ్యాయులై, జనప్రియ రామాయణము రచించిరి. 1972లో కేంద్రప్రభుత్వము పద్మశ్రీ నిచ్చెను. 1990 సెప్టెంబరు 1వ తేదీన పరమపదించిరి.

ఈ జీవితమున మేము గమనింపగోరునది యొక్కటే. ఆచార్యులవారికి రాజు లేడు. నెలకొకమారు వచ్చు బడిజీతమే వారికి రాజు. శాలువలును పూలదండలును కావ్యము పుట్టిన పిమ్మట వచ్చును. కావ్యము పుట్టుటకు ముందు కావలసినది ఇంట బియ్యమును, చేతిలో కొంత తీరికయును. ఆ రెంటిని ఇచ్చినది ఉపాధ్యాయపదవి. అది బోధనకై యేర్పడిన పదవి. కవిత్వమును కూడ మోసినది. అదృష్టవశమున నట్లు జరిగెను. ఒక సీమ కళాభివృద్ధిని అదృష్టమునకు వదలుట వివేకము కాదు.

దాతలున్నారుగదా యందురేమో. దాతృత్వము దొడ్డదే, కాని దాతతోనే పోవును. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చినతోడనే సంస్థానముల పోషణ యంతరించెను. విజయనగరపు సంగీత కళాశాల ప్రభుత్వ కళాశాల యగుటచేతనే నేటికిని నిలిచియున్నది. ప్రభుత్వములపై మాత్రమే భారము వేయుటయు చాలదు. 1957లో నెలకొన్న రాష్ట్ర సాహిత్య అకాడమీని 1983లో ఒక్క నిర్ణయముతో రద్దుచేసిరి. దూరపు రాజధానిలో కలము కదలిన, కడప జిల్లా కవి యాధారము తెగును. ఊరి సొమ్ము ఊరి కన్నులయెదుట నుండును. దానిని తీసివేయదలచినవాడు పొరుగువారికి జవాబు చెప్పుకొనవలసి యుండును.

ప్రొద్దుటూరు 1915నుండి పురపాలక పట్టణము. ప్రత్తి వర్తకమునకును బంగారు వ్యాపారమునకును పేరుపొందినది. పులివెందుల, జమ్మలమడుగులును నేడు పురపాలికలే. ఇవి తమ యాదాయమున స్వల్పభాగమును ఏటేట కళలకై ప్రత్యేకించి, ఇబ్బంది వచ్చిన యేడును దానిని తొలగింపరాదని మేము కోరుచున్నాము. ఆ సొమ్ము సన్మానసభలకు గాక, సంగీతము నేర్పు గురువునకు జీతముగను, తోలుబొమ్మలాట, కోలాటము, హరికథ నెఱిగినవారికి బృత్తిగను, స్థానిక కవి గ్రంథము అచ్చగుటకు సాయముగను పోవలెను. బంధుప్రీతికి తావులేకుండ నియమములను ముందే ప్రకటించి, లెక్కలను జనులయెదుట నుంచవలెను.

నీరు ముందా, పాట ముందా యన్నచో నీరే ముందు. అందు మాకు సందేహము లేదు. అయినను చెఱువు త్రవ్వించిన రాయలే కవులకును కొలువిచ్చిరి. ఒకదానికై రెండవదానిని మానలేదు. భూస్వాములును వర్తకులును పన్ను చెల్లించువారు గనుక ఈ విషయమున వారి మాటకు విలువ కలదు. రాబోవు నారాయణాచార్యులు ఇప్పుడే మన బడులలో నే బల్లపైననో కూర్చుండియుండవచ్చును. వానికి రాజెవరని యడిగినచో, మన మందఱమును కలిసి మేమేయని చెప్పగలుగవలెను.