రాతి మీది పాటకు గొంతు వెతికిన ఈవా

సంగీతం నేర్చుకున్న వాళ్ళందరికీ ఒక సంగతి అనుభవమే. నొటేషన్ పుస్తకం ముందు పెట్టుకుని, ఎవరి సాయం లేకుండా కొత్త కీర్తన పాడబోతే స్వరాలు వస్తాయి గాని కీర్తన రాదు. ఎక్కడ ఊపాలో, ఎక్కడ నిలపాలో కాగితం చెప్పదు, గురువుగారి గొంతు చెప్పాలి. మరి ఆ గురువులంతా పోయి రెండు వేల ఏళ్ళు దాటిపోతే? ఈ ప్రశ్న కోసం ఆస్తిని, సంసారాన్ని, సుఖాన్ని పణంగా పెట్టిన ఒకావిడ కథ చదివాను. అప్పటి నుంచీ ఆమె నా మనసులోనే ఉండిపోయింది. ఆమె పేరు ఈవా పామర్ సికెలియానోస్.

ముందు ఆ పాట సంగతి చెప్పాలి. గ్రీసు దేశంలో పర్నాసస్ కొండ వాలున డెల్ఫీ అనే ప్రాచీన క్షేత్రం ఉంది. అక్కడి దేవుడు అపోలో. మన సరస్వతి చేతిలో వీణలాగా ఆయన చేతిలో లైర్ అనే చిన్న తంత్రీవాద్యం ఉంటుంది. 1893లో ఫ్రెంచివాళ్ళు అక్కడ తవ్వుతుంటే అపోలో మీద రెండు స్తోత్రాలు చెక్కిన రాళ్ళు దొరికాయి. అవి క్రీస్తు పూర్వం రెండో శతాబ్దం నాటివి. విశేషమేమిటంటే సాహిత్యంతో పాటు స్వరాలు కూడా గుర్తుల రూపంలో చెక్కి ఉన్నాయి. మరుసటి ఏడే పారిస్‌లో ఒక స్తోత్రాన్ని సభలో పాడించారు. కాని దానికి వాద్య సహకారం కూర్చింది ఆ కాలపు ఫ్రెంచి సంగీతకారుడు ఫోరే. అంటే రాతి మీది పాటకు పారిస్ బట్టలు కట్టారన్నమాట!

ఈవా 1874లో న్యూయార్క్‌లో కలిగినవారింట పుట్టింది. తల్లి పియానో వాయించేది. సోదరుడూ పియానో కళాకారుడే. ఈవాకి నటి కావాలని కోరిక. పారిస్ చేరింది. అక్కడ పెనెలోపీ అనే గ్రీకు యువతి పరిచయమైంది. ఆమె పాడిన గ్రీకు పాటలు విని ఈవా నిలువునా కదిలిపోయింది. పియానో మెట్ల మధ్య ఇరుక్కోని స్వరాలు అవి. మన గమకాలు హార్మోనియం మీద పలకవు చూడండి, అలాంటిదే.

1906లో పెనెలోపీ దంపతులతో కలిసి ఈవా గ్రీసు వెళ్ళింది. మగ్గం మీద నేయడం నేర్చుకుంది. పాత గ్రీకు విగ్రహాల మీద కనిపించేలాంటి వస్త్రం తనే నేసుకుని, కాళ్ళకు చెప్పులతో వీధుల్లో నడిచింది. చూసినవాళ్ళు విడ్డూరంగా చెప్పుకున్నారు. పత్రికలూ రాశాయి. ఆమె మాత్రం జన్మంతా ఆ బట్టలే కట్టింది. 1907లో పెనెలోపీ తమ్ముడు, కవి ఆంజెలోస్ సికెలియానోస్‌ని పెళ్ళాడింది. 1909లో కొడుకు పుట్టాడు.

గ్రీకు చర్చిల్లో బైజాంటైన్ సంగీతమని ఒకటుంది. ఒక స్వరాన్ని శ్రుతిలా పట్టి ఉంచి, దాని మీద పాట సాగుతుంది. గొంతు నుంచి గొంతుకి తరతరాలుగా వచ్చినది. ఈవా ప్సాకోస్ అనే పండితుడి దగ్గర శిష్యురాలై దాన్ని ఏళ్ళ తరబడి నేర్చుకుంది. ఆ సూక్ష్మ స్వరాలన్నీ పలికేలా 1924లో జర్మనీలో ప్రత్యేకంగా ఒక ఆర్గన్ తయారైంది. ఖర్చు ఈవాది. అందుకే ఆ వాద్యానికి ఆమె పేరే పెట్టారు.

ఆ రోజుల్లోనే మన దేశపు అమ్మాయి ఒకామె ఈవాకి స్నేహితురాలైంది. దాదాభాయి నౌరోజీ మనవరాలు ఖుర్షీద్ నౌరోజీ. పారిస్‌లో పాశ్చాత్య సంగీతం నేర్చుకుంటున్న ఖుర్షీద్, ఈవా వెంట ఏథెన్స్ వెళ్ళి, చీర కట్టుకుని భారతీయ సంగీత కచేరీలు చేసింది. పరాయి దేశంలో ఆమెకు సొంత దేశం మీద మనసు మళ్ళింది. డెల్ఫీ ఉత్సవానికి సాయం రమ్మని ఈవా అడిగినా ఒప్పుకోక గాంధీజీ ఆశ్రమానికి వెళ్ళిపోయింది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకీ వెళ్ళింది.

డెల్ఫీ ప్రపంచానికంతటికీ ఆధ్యాత్మిక కేంద్రం కావాలన్నది ఆంజెలోస్ కల. కలలు కనడం ఆయన వంతు, వాటిని నడిపించడం ఈవా వంతు. 1927 మేలో డెల్ఫీ పాత రంగస్థలం మీద ఎస్కిలస్ రాసిన ప్రొమీథియస్ నాటకం వేయించింది. బృందగానానికి ప్సాకోస్ చర్చి సంగీతపు బాణీలు కట్టాడు. ఈవా పాత కుండల మీది బొమ్మల్ని చూసి భంగిమలు కూర్చింది. ఆడపిల్లలకు నేర్పింది, వాళ్ళ దుస్తులు మగ్గం మీద నేసింది. 1930లో మళ్ళీ ఉత్సవం. ఈసారి బృందంలో యాభైమంది అమ్మాయిలు!

పేరొచ్చింది, ఆస్తి కరిగిపోయింది. అప్పులు మిగిలాయి. 1933లో డబ్బు కూడగట్టడానికి అమెరికా వెళ్ళిన మనిషి 1952 దాకా తిరిగి రాలేకపోయింది. ఈలోగా 1940లో ఆంజెలోస్ మరో పెళ్ళి చేసుకున్నాడు. అక్కడ ఉండగానే ఆమె ఆయన రచనల్ని ఇంగ్లీషులోకి అనువదించింది. ఈ ఘట్టం చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఆయన మీదా, కొంచెం ఆమె మీదా.

1951లో ఆయన పోయాడు. మరుసటి ఏడు ఈవా గ్రీసు వచ్చింది. డెల్ఫీ రంగస్థలంలో ప్రదర్శన చూస్తుండగా పక్షవాతం వచ్చింది. జూన్ 4న కన్ను మూసింది. డెల్ఫీలోనే ఖననం చేశారు. వాళ్ళిల్లు ఇప్పుడు ఆ ఉత్సవాల మ్యూజియం. ఆత్మకథ మాత్రం 1993లో గాని అచ్చు కాలేదు.

ఈవా వినిపించినదే అసలు ప్రాచీన గ్రీకు సంగీతమా? కాదనే పండితులు చాలామంది. చర్చి పాటకీ అపోలో స్తోత్రానికీ మధ్య వందల ఏళ్ళ దూరం ఉంది, ఆ దూరాన్ని ఎవరూ రుజువులతో పూడ్చలేదు. అయినా ఆమె పడిన శ్రమ వృథా అని నేననుకోను. ఈనాడు పాత బొమ్మలు చూసి లైర్‌లు చేయించుకుని, ఆ రాతి స్తోత్రాల్ని వాయిస్తున్నవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. స్వరాలు రాతి మీద ఉన్నాయి. తీగని ఎలా మీటాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న వాళ్ళకీ తప్పదు. జవాబు కోసం పుస్తకాలతో పాటు పాడే మనుషుల దగ్గరికి కూడా వెళ్ళాలని ఈవా ముందే నడిచి చూపించింది.

మన ఇళ్ళలోనూ నొటేషన్ లేని పాటలు ఎన్నో ఉన్నాయి. మంగళహారతులు, లాలిపాటలు, పెళ్ళిపాటలు. అమ్మమ్మలు పాడుతుంటే మనం పనుల తొందరలో పట్టించుకోం. ఈవా కథ చదివిన రాత్రి నేను మా అత్తయ్య పక్కన కూర్చుని, ఆవిడ పాడే హారతి పాట మొదటి నుంచీ మళ్ళీ పాడమన్నాను. ఆశ్చర్యంగా చూసి, పాడింది. మూడో చరణం దగ్గర గొంతు తిప్పిన తీరు నాకింకా పట్టుబడలేదు. రేపు మళ్ళీ కూర్చోవాలి.