వెర్నర్ సువోమి: ఉపగ్రహం లెక్కను నమ్మేలా చేసినవాడు

శీతకాలం ముందు పంజాబ్, హరియాణాల్లో ఎన్నిచోట్ల వరి కొయ్యకాళ్లు తగలబడుతున్నాయో రోజూ లెక్కలు వెలువడతాయి. ఢిల్లీ పొగకు బాధ్యులెవరన్న వాదనలు వాటి చుట్టూనే తిరుగుతాయి. ఆ లెక్కలకు ఆధారమైన ఉపగ్రహాల్లో ఒకటి సువోమి ఎన్‌పీపీ. ఆ పేరు ఒకప్పటి బడిపంతులుది.

వెర్నర్ సువోమి 1915లో అమెరికాలోని మిన్నెసోటాలో, ఫిన్లాండ్ మూలాలున్న కుటుంబంలో పుట్టారు. కొంతకాలం బడిలో సైన్సు చెప్పి, 1948లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మొక్కజొన్న చేనులోకి ఎంత వేడి వస్తోంది, ఎంత పోతోందన్నదే ఆయన డాక్టరేట్ పరిశోధన. తర్వాత అదే ప్రశ్నను భూమి మొత్తానికీ వేశారు.

ఇంజినీర్ రాబర్ట్ పారెంట్‌తో కలిసి ఆయన తయారుచేసిన పరికరం సూత్రం తేలికైనదే. నల్ల అర్ధగోళం ఎండనూ, భూమి విడిచే వేడినీ పీల్చుకుంటుంది. తెల్లది ఎండను చాలావరకు తిప్పికొట్టి, భూమి వేడిని తీసుకుంటుంది. రెండింటి మధ్య తేడాయే ఎండ వాటా. కానీ కిందికి వచ్చేది ఉష్ణోగ్రత కాదు, థర్మిస్టర్ పంపే విద్యుత్ సంకేతం. ఏ సంకేతం ఎంత వేడికి సమానమో ముందే నేలమీద తేల్చుకోవాలి. తూనికల అధికారి రాళ్లను సరిచూసినట్టే. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. అయితే కక్ష్యలోకి వెళ్లిన రాయిని మళ్లీ చేతిలోకి తీసుకోలేం.

1959 జూన్, జులైల్లో రెండు ప్రయోగాలు విఫలమయ్యాయి. అక్టోబరు 13న ఎక్స్‌ప్లోరర్-7తో పరికరం కక్ష్యకు చేరింది. భూమి వేడి పద్దును అంతరిక్షం నుంచి కొలవడం అలా మొదలైంది.

1966లో ఆయన స్పిన్-స్కాన్ కెమెరా భూస్థిర కక్ష్య నుంచి మేఘాల కదలికను చూపింది. 1979 ప్రపంచ వాతావరణ ప్రయోగంలో, అదే తరహా పరికరమున్న అమెరికా ఉపగ్రహాన్ని హిందూ మహాసముద్రం పైకి జరిపారు. మన తొలి ఇన్‌శాట్ ఇంకా ఎగరలేదు. రుతుపవన ప్రాంతపు గాలులను విస్కాన్సిన్‌లో ఆ చిత్రాల నుంచే లెక్కగట్టారు.

సువోమి 1995లో మరణించారు. 2011లో ఎగిరిన ఉపగ్రహానికి మరుసటి ఏడాది ఆయన పేరు పెట్టారు. ఎగిరిన కొద్దికాలానికే దాని ప్రధాన పరికరంలోని అద్దాలపై టంగ్‌స్టన్ మాలిన్యం వల్ల కొన్ని చానళ్ల సున్నితత్వం తగ్గింది. సూర్యకాంతితో సరిచూసుకునే ఫలకం ఆ తరుగును పట్టిచ్చింది, శాస్త్రవేత్తలు లెక్కను సవరించారు.

అయినా ఆ ఉపగ్రహం మనమీదుగా పగటిపూట వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. సాయంత్రం అంటించి, రాత్రికల్లా ఆరిన మంట దాని లెక్కలోకి రాదు. క్యాలిబ్రేషన్ ఎంత పక్కాగా ఉన్నా ఈ లోటు తీరదు. మంటల సంఖ్య తగ్గిందని ప్రకటించే ప్రభుత్వాలు ఈ సంగతీ చెప్పాలి.