గురువు స్థానంలో శిష్యుడు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన బడి గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకని నాకిష్టమైన ఒక ఆటగాడి తొలి రోజుల గురించి రాస్తున్నాను. ఆయన బాబీ మూర్. 1966లో ఇంగ్లండ్‌కు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు తెచ్చిన కెప్టెన్. కప్పు సంగతి చాలామందికి తెలుసు. అంతకు ఎనిమిదేళ్ల ముందు జరిగింది మాత్రం మన ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా చెప్పాలనిపించింది.

మూర్ 1941 ఏప్రిల్ 12న లండన్ తూర్పు శివారు బార్కింగ్‌లో పుట్టాడు. 1956లో వెస్ట్ హామ్ క్లబ్బులో కుర్రాడిగా చేరాడు. పరుగులో వేగం తక్కువ. గాల్లో వచ్చే బంతిని తలతో కొట్టడంలోనూ అంత గట్టివాడు కాదు. డిఫెండర్‌కు ఈ రెండూ లోపాలే.

అదే క్లబ్బులో సీనియర్ డిఫెండర్ మాల్కం అలిసన్. సాయంత్రాలు కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చేవాడు. బంతి తన దగ్గరికి రాకముందే, వస్తే ఎవరికి అందించాలో తేల్చుకుని ఉండాలని మూర్‌కు నేర్పాడు. ఆ ఒక్క పాఠమే మూర్ ఆటకు పునాది. కాళ్లు అందుకోలేని చోటికి బుర్ర ముందే చేరుకునేది.

1957లో అలిసన్‌కు క్షయ సోకింది. ఒక ఊపిరితిత్తి తీసేశారు. అయినా కోలుకుని రిజర్వు జట్టులో ఆడసాగాడు. ఈలోగా వెస్ట్ హామ్ మొదటి డివిజన్‌కు ఎదిగింది. ఆ డివిజన్‌లో ఒక్క ఆటైనా ఆడాలని ఆయన కోరిక.

1958 సెప్టెంబరు 8న మాంచెస్టర్ యునైటెడ్‌తో మ్యాచ్. గాయాల వల్ల డిఫెన్స్‌లో ఒక స్థానం ఖాళీ అయింది. దానికి ఇద్దరే మిగిలారు: అలిసన్, పదిహేడేళ్ల మూర్. మేనేజర్ టెడ్ ఫెంటన్ ఎటూ తేల్చుకోలేక కెప్టెన్ నోయెల్ కాంట్‌వెల్‌ను అడిగాడు. కాంట్‌వెల్ అలిసన్‌కు మంచి స్నేహితుడు. అయినా మూర్ పేరే చెప్పాడు. వెస్ట్ హామ్ 3-2తో గెలిచింది. అలిసన్‌కు మొదటి డివిజన్‌లో ఆడే అవకాశం మళ్లీ రాలేదు. తనకు ఆట నేర్పినవాడి చోటే తనకు దక్కిందన్న బాధ మూర్‌ను చాలాకాలం వదల్లేదు.

ఆ తర్వాతి మ్యాచ్‌లోనే నాటింగ్‌హామ్ ఫారెస్ట్ చేతిలో 0-4తో ఓటమి. మూర్ మళ్లీ రిజర్వు జట్టుకు వెళ్లాడు. జట్టులో స్థిరపడడానికి 1960 దాకా ఆగాల్సి వచ్చింది. ఆపైన వెనక్కి చూసుకోలేదు. 1962లో పెరూపై ఇంగ్లండ్ తరఫున తొలి మ్యాచ్. మరుసటేడాది ఇరవై రెండేళ్లకే దేశానికి కెప్టెన్. 1964లో ఎఫ్.ఏ. కప్పు. అదే ఏడాది చివర్లో క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగితే బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. కొన్ని నెలల్లోనే, 1965లో, వెంబ్లీలో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్పు ఎత్తాడు.

అలిసన్ కథా అక్కడితో ఆగలేదు. శిక్షణనే వృత్తిగా ఎంచుకుని, జో మెర్సర్‌తో కలిసి 1968లో మాంచెస్టర్ సిటీని లీగ్ విజేతగా నిలిపాడు. మూర్ 1993 ఫిబ్రవరి 24న, 51 ఏళ్లకే, క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

నేను ఇంజనీరును. చెరువు కట్ట గట్టిగా ఉన్నంతకాలం దాని గురించి ఎవరూ మాట్లాడరు, గండి పడితేనే గుర్తొస్తుంది. డిఫెండర్ పనీ అంతే. మన మాష్టార్ల పనీ అంతే. మనలో చాలామందిమి వాళ్లు చూడని ఊళ్లు చూశాం, వాళ్లు అందుకోని జీతాలు అందుకున్నాం. అలిసన్ ఆ సాయంత్రాలు మైదానానికి రాకపోతే మూర్‌కు ఆ చోటు దొరికేదా? ఉత్సవం రోజున వేదిక ముందు వరసలో కూర్చునే మన మాష్టార్లను, టీచర్లను చూసినప్పుడు ఈ ప్రశ్న నాకు మళ్లీ వస్తుంది.