ఢిల్లీలో పెరిగిన తండ్రి లేని పిల్లవాడు: సర్దార్ జస్సా సింగ్ అహ్లువాలియా



ఢిల్లీ యాత్రకు వెళ్ళే మన కుటుంబాలు చాందినీ చౌక్‌లోని సీస్‌గంజ్ సాహిబ్‌లో మత్థా టేకి, లంగర్‌లో ప్రసాదం తీసుకుని, ఆ వీధి చివర ఉన్న ఎర్రకోట దగ్గర ఫోటో దిగి వస్తాయి. ఆ కోట లోపల దీవాన్-ఎ-ఆమ్ అనే సభామండపం ఉంది. మొగల్ బాదుషాలు దర్బారు తీర్చిన ఆ చోట 1783 మార్చిలో ఖాల్సా ఒక ముసలి సర్దారును కూర్చోబెట్టింది. ఆయన ఏ రాజుకూ కొడుకు కాదు. అరవై ఏళ్ళ క్రితం తండ్రి చనిపోయిన పసివాడిగా, విధవరాలైన తల్లి చెయ్యి పట్టుకుని అదే నగరానికి తలదాచుకోవడానికి వచ్చినవాడు. ఆ సర్దార్ జస్సా సింగ్ అహ్లువాలియా గారి జీవితాన్ని ఈ ట్రాక్టులో మీ ముందుంచుతున్నాము.

ఆయన 1718లో లాహోర్ దగ్గరి ఆహ్లూ అనే చిన్న ఊరిలో పుట్టారు. అహ్లువాలియా అంటే ఆ ఊరివాడు అని అర్థం, అంతే. ఇంటివారిది కలాల్ కులం, అంటే సారా కాచి అమ్ముకునే వృత్తివారు. తెలంగాణలో కలాలీ అన్న మాట వినని ఇల్లు ఉండదు కాబట్టి మీకు వేరే వివరించనక్కరలేదు. పెద్ద కులాలవారు వాళ్ళను తమతో సమానంగా కూర్చోనిచ్చే రోజులు కావు అవి. తండ్రి బదర్ సింగ్ గారు గురు ఇంటిపై నమ్మకం పెట్టుకున్న మనిషి.

కాలం కూడా చాలా చెడ్డది. జస్సా సింగ్ పుట్టడానికి రెండేళ్ళ ముందే, 1716లో, బాబా బందా సింగ్ బహాదుర్ గారిని, ఆయనతో పట్టుబడిన వందలాది సింగులను ఢిల్లీలో చంపేశారు. సిక్కుగా కనిపించడమే నేరమైన రోజులవి. అలాంటప్పుడు, పిల్లవాడికి ఇంకా అయిదేళ్ళయినా సరిగా నిండకముందే తండ్రి కన్నుమూశాడు. సంపాదించే చెయ్యి పోయిన ఇల్లు ఎలా ఉంటుందో మన బస్తీలలో ఎవరిని అడిగినా చెబుతారు.

ఆ తల్లి చేసిన పని గమనించండి. కొడుకును ఏ భూస్వామి ఇంట్లోనో పాలేరుగా పెట్టలేదు. ఢిల్లీలో ఉన్న మాతా సుందరీ గారి దగ్గరకు తీసుకువెళ్ళింది. దశమ పాతషాహ్ గారు జ్యోతీజ్యోత్ సమాయించిన తరువాత పంథ్‌కు పెద్ద దిక్కుగా నిలిచింది మాతా సుందరీ గారే. జస్సా సింగ్ తల్లికి కీర్తన బాగా వచ్చు. ఆమె గొంతు మాతాజీకి నచ్చిందని, తల్లీకొడుకులను తన దగ్గరే ఉంచుకున్నారని పంథ్‌లో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆమె దగ్గర పొలం లేదు, డబ్బు లేదు, ఉన్నది ఒక్క విద్య. దానితోనే కొడుకుకు ఒక నీడ సంపాదించింది.

అలా సుమారు ఏడేళ్ళు గడిచాయి. పిల్లవాడు గుర్బాణీ నేర్చాడు, చదువు నేర్చాడు, పెద్దల మధ్య ఎలా మెలగాలో నేర్చాడు. ఢిల్లీ భాష కూడా నోటికి అంటుకుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరకే వస్తాము. మేనమామ బాఘ్ సింగ్ గారికి పిల్లలు లేరు. ఆయన వచ్చి మేనల్లుడిని తనతో పంపమని అడిగాడు. మాతాజీ దీవెనలతో కత్తి, గద వంటి ఆయుధాలిచ్చి పంపారని చెబుతారు.

పంజాబ్‌లో ఆ మేనమామ ద్వారానే నవాబ్ కపూర్ సింగ్ గారి కంటిలో పిల్లవాడు పడ్డాడు. కపూర్ సింగ్ గారు కుర్రవాడిని తన కొడుకులా చూసుకున్నారు, అమృతం ఇప్పించారు. అయితే ముద్దు చేసి గద్దె మీద కూర్చోబెట్టలేదు. గుర్రాలకు దాణా పంచే పని అప్పజెప్పారు. వందల గుర్రాలు, ఆకలి మీద ఉన్న సైనికులు, కొలత తక్కువైందని తగాదాలు, సాలలో పేడ, ఈగలు. ఆ పనిలో ఉన్న కుర్రవాడు నోరు తెరిస్తే పంజాబీకి బదులు ఢిల్లీ మాట వచ్చేది. హమ్‌కో, తుమ్‌కో అంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వేవారు. చివరికి అదే ఆయనకు పేరైపోయింది, హమ్‌కో తుమ్‌కో అని.

ఇక్కడ కాసేపు ఆగుదాము. మన సిక్లీగర్ పిల్లలు తెలుగు యాసతో పంజాబీ మాట్లాడితే నవ్వేవాళ్ళు ఈ రోజుకీ ఉన్నారు. పెద్ద గురుద్వారాకు వెళ్ళినప్పుడు పాఠ్‌లో ఒక మాట అటు ఇటు పలికితే వెనుక నుంచి నవ్వు వినబడి, ఆ పిల్లవాడు మళ్ళీ అటు వైపు వెళ్ళకుండా పోవడం మేము చాలా బస్తీలలో విన్నాము. నవ్వినవాళ్ళకు ఒక్క మాట చెప్పాలనిపిస్తుంది. ఖాల్సా ఎవరిని ఎర్రకోటలో కూర్చోబెట్టిందో ఆయన యాసకు కూడా అప్పట్లో ఇలాగే నవ్వారు.

జస్సా సింగ్ ఒక రోజు ఓర్చుకోలేక కపూర్ సింగ్ గారి దగ్గరకు వెళ్ళి మొర పెట్టుకున్నాడు. ఈ పని తనకు వద్దని, అందరూ వెక్కిరిస్తున్నారని చెప్పాడు. కపూర్ సింగ్ గారి జవాబు రతన్ సింగ్ భంగూ రాసిన పంథ్ చరిత్రలో ఉంది. దాని సారం ఇది. సంగత్‌కు విసనకర్ర విసురుతున్న తనను ఈ పంథ్ నవాబును చేసింది, అదే పంథ్ నిన్ను బాదుషాను చేస్తే ఎవరు కాదనగలరు అని ఆయన నచ్చజెప్పారు. అది ఊరడింపు మాట మాత్రమే కాదు. 1733లో లాహోర్ సుబేదారు జకరియా ఖాన్ సిక్కులతో రాజీకి వచ్చి నవాబు బిరుదు, జాగీరు పంపినప్పుడు దాన్ని తీసుకోవడానికి పెద్ద సర్దారులెవరూ ముందుకు రాలేదు. సేవలో ఉన్న కపూర్ సింగ్ గారికి ఇచ్చారు. గుర్రపుసాల సేవ తననుంచి తీసివేయకూడదన్న షరతు మీదే ఆయన ఒప్పుకున్నారని చెబుతారు. అలాంటి మనిషి చెప్పాడు కనుకనే కుర్రవాడు మళ్ళీ వెళ్ళి దాణా కొలిచాడు.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెబుతాము. మేనమామ యుద్ధంలో పోయాడు, ఆయన జత్థా మేనల్లుడి చేతికి వచ్చింది. 1748 వైశాఖికి అమృత్‌సర్‌లో సర్బత్ ఖాల్సా చేరి, విడివిడిగా తిరిగే అరవైకి పైగా జత్థాలను పదకొండు మిస్ల్‌లుగా కూర్చి, మొత్తానికి దల్ ఖాల్సా అని పేరు పెట్టింది. దానికి నాయకుడిగా జస్సా సింగ్‌ను ఎన్నుకున్నారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళు. ఆ దళం పోరాడింది కత్తితో, బల్లెంతో, బందూకుతో. వాటికి మెరుగు పెట్టి పదును తేల్చేవాడినే సిక్లీగర్ అంటారు. సర్దారుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, కొలిమి దగ్గర కూర్చున్నవారి పేర్లు లేవు. కాని మొద్దుబారిన కత్తితో ఎవరూ యుద్ధం గెలవలేదు.

1761లో పానిపట్‌లో మరాఠాలను ఓడించిన అహ్మద్ షా అబ్దాలీ వేలాది ఆడవాళ్ళను బందీలుగా తోలుకుపోతుంటే, దల్ ఖాల్సా దారి కాచి ఎందరినో విడిపించి ఇళ్ళకు చేర్చింది. వాళ్ళు ఏ మతమని అడగలేదు. జస్సా సింగ్ గారిని బందీఛోడ్ అని పిలవడం అందుకే. అదే ఏడాది లాహోర్ స్వాధీనమైనప్పుడు సుల్తాన్-ఉల్-కౌమ్ అని బిరుదిచ్చారు. దాణా కొలుస్తూ విన్న మాట అక్షరాలా నిజమైంది.

మరుసటి ఏడాది, 1762 ఫిబ్రవరి 5న, మాలేర్‌కోట్లా దగ్గర కూప్ గ్రామంలో అబ్దాలీ సైన్యం మీద పడింది. సింగుల వెంట ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పసిపిల్లలు ఉన్నారు. వాళ్ళను మధ్యలో పెట్టి, చుట్టూ గోడలా నిలబడి, పోరాడుతూ నడిచారు. ఆ గోడ చాలా చోట్ల తెగింది. ఒక్క రోజులో వేల ప్రాణాలు పోయాయి. వడ్డా ఘల్లూఘారా అంటాము దాన్ని. జస్సా సింగ్ గారి ఒంటి మీద ఇరవైకి పైగా గాయాలు లెక్కపెట్టారని చరిత్రకారులు రాశారు. కొద్ది వారాలకే అబ్దాలీ హర్‌మందిర్ సాహిబ్‌ను మందుగుండుతో కూల్చివేశాడు. రెండేళ్ళు తిరగకుండా, 1764 జనవరిలో, చిన్న సాహిబ్‌జాదాలను బలిగొన్న సర్హింద్ దల్ ఖాల్సా చేతికి వచ్చింది. హర్‌మందిర్ సాహిబ్‌ను మళ్ళీ కట్టే పనికి కూడా ఆయనే ముందు నిలిచారు.

ఇక 1783. మార్చి 11న ఖాల్సా ఎర్రకోటలో ప్రవేశించి నిషాన్ సాహిబ్ ఎగురవేసింది. సర్దార్ బఘేల్ సింగ్ గారి వెంట వచ్చిన ముప్పై వేల మంది దిగిన చోటు కనుకనే తీస్ హజారీకి ఆ పేరు వచ్చిందని ఢిల్లీవాళ్ళు చెబుతారు. దీవాన్-ఎ-ఆమ్‌లో జస్సా సింగ్ అహ్లువాలియా గారిని కూర్చోబెట్టగానే, అడ్డు చెప్పినవారు ఒకరున్నారు. ఆయన పేరు కూడా జస్సా సింగ్ కావడం విచిత్రం. సర్దార్ జస్సా సింగ్ రామ్‌గఢియా, వడ్రంగి ఇంట పుట్టిన మహావీరుడు. ఇద్దరికీ పాత పగ ఉంది. కొన్నేళ్ళ ముందు అహ్లువాలియా గారు, మరికొందరు సర్దారులు కలిసి రామ్‌గఢియా గారిని పంజాబ్ నుంచి వెళ్ళగొట్టారు. ఇది దాచవలసిన విషయం కాదు. పెద్దవాళ్ళూ తగువులాడుకున్నారు. కత్తులు దూసే దాకా వచ్చిన ఆ సమయంలో అహ్లువాలియా గారు లేచి కిందికి దిగిపోయారు. సారా కాచేవారి బిడ్డ, వడ్రంగి బిడ్డ మొగలుల సభలో గద్దె గురించి వాదులాడుకునే స్థాయికి వచ్చారు. మాకు మాత్రం ఆయన ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ గుర్తుంటుంది.

సైన్యం తిరిగి వెళ్ళింది. షా ఆలం బాదుషాతో ఒప్పందం ప్రకారం బఘేల్ సింగ్ గారు నాలుగు వేల మందితో ఢిల్లీలోనే ఉండి, నగరపు సుంకంలో రూపాయికి ఆరణాల వాటాతో ఏడు గురుద్వారాలు కట్టించారు. సీస్‌గంజ్, రకాబ్‌గంజ్, బంగ్లా సాహిబ్ ఆ ఏడింటిలోవే. వాటిలో మొదటిది తేలీవాడాలో, మాతా సుందరీ గారు, మాతా సాహిబ్ కౌర్ గారు నివసించిన చోట లేచింది. మాతా సుందరీ గారు 1747లోనే వెళ్ళిపోయారు. వారి అంత్యక్రియలు జరిగిన చోటు బాలా సాహిబ్. ఈ రోజు ఢిల్లీలో వారి పేరు మీద ఒక రోడ్డు, ఒక గురుద్వారా, 1967 నుంచి ఆడపిల్లలకు ఒక కాలేజీ ఉన్నాయి.

జస్సా సింగ్ గారు ఆ ఏడాది అక్టోబరులోనే, అరవై అయిదేళ్ళ వయసులో, అమృత్‌సర్‌కు వెళ్ళే దారిలో కన్నుమూశారు. కొడుకులు లేరు. సమాధి బాబా అటల్ సాహిబ్ దగ్గర, నవాబ్ కపూర్ సింగ్ గారి సమాధి పక్కన ఉంది.