కుళాయి నీటిలోని సున్నము: సిడ్నీ రింగర్ జీవితము

వాంతులు, విరేచనములతో సొమ్మసిల్లిన రోగిని ఆసుపత్రికి చేర్చినపుడు, మంచము ప్రక్కన వ్రేలాడదీయు సీసాపై ‘రింగర్స్ లాక్టేట్’ అను పేరును మన సభ్యులలో పలువురు చూచియే యుందురు. ఆ రింగర్ ఎవరో ఎరిగినవారు మాత్రము అరుదు. శరీరములోని కణములు కాల్షియం సాయముతో ఇరుగు పొరుగులతో సంభాషించునని నేడు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ విజ్ఞానమునకు తొలి మెట్టు కట్టిన వైద్యుడు ఆయనయే.

సిడ్నీ రింగర్ ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున జన్మించెను. చిన్ననాటనే తండ్రి గతించెను. సోదరులు వర్తకమునకై తూర్పు దేశములకు తరలిపోయిరి. వారిలో ఫ్రెడరిక్ జపానులోని నాగసాకిలో పెద్ద వ్యాపారియై స్థిరపడెను. సిడ్నీ 1854లో లండను యూనివర్సిటీ కళాశాలలో చేరి, 1860లో వైద్య పట్టము పొంది, తన ఉద్యోగ జీవితమంతయు ఆ కళాశాల ఆసుపత్రియందే గడిపెను. 1869లో ఆయన వెలువరించిన చికిత్సా గ్రంథము 13 ముద్రణలు పొందెను. కీర్తికి అది చాలియుండెడిది. కాని ఆయన రోగులను చూచుటకు ముందును, తరువాతను తీరిక చేసికొని ప్రయోగశాలకు పోవుచుండెను.

అచట ఆయన కప్ప గుండెను వేరుచేసి, దానిని ఉప్పునీటితో తడుపుచు, ఏయే లవణము దానిని ఆడించుచున్నదో పరిశీలించెను. 1882లో ఫలితములను ప్రకటించెను. కాల్షియం లేకున్నను గుండె చక్కగా ఆడునట్లే తోచెను. తరువాత బయటపడిన సంగతి వేరు. ఆ ఉప్పునీరు స్వేదన జలముతో చేసినది కాదు. లండను నగరమునకు న్యూ రివర్ కంపెనీ సరఫరా చేయుచుండిన కుళాయి నీటితో చేసినది. నీటిని బట్టీపట్టుటకు అంత కాలము వ్యర్థమేల యని సహాయకుడు కుళాయి త్రిప్పెనని పిమ్మటివారు చెప్పుకొనిరి. ఆ నీటిలో సున్నపు అంశ కలదు. నిజమైన స్వేదన జలము వాడగనే గుండె క్రమముగా నీరసించి ఆగిపోయెను. రవ్వంత కాల్షియం లవణము చేర్చగా మరల కొట్టుకొనెను. దానికి పొటాషియం తోడుండి సమతూకము కలుగవలెననియు ఆయన కనుగొనెను.

1883లో రింగర్ ఈ సంగతినంతయు దాపరికము లేక అచ్చువేయించెను. పైకి పోయిన దస్త్రములో తన నోటును తానే దిద్దుకొనుట ఎంత కష్టమో సచివాలయములలో పనిచేయు మనకు తెలియనిది కాదు. ఆ దిద్దుబాటే ఆయనను చిరస్మరణీయుని జేసెను. 1885లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1890 నాటికి కప్ప గ్రుడ్లు, తోకకప్పల పెరుగుదలకును కాల్షియం ఆవశ్యకమని ఆయన చూపెను.

అది యెందులకో ఆయన కాలమున తెలియదు. కణము లోపల స్వేచ్ఛగా నుండు కాల్షియం వెలుపలి దానిలో సుమారు పదివేలవ వంతు మాత్రమే. కనుకనే లోనికి వచ్చు కొద్దిపాటి కాల్షియం సైతము కణమునకు పెద్ద కబురగును. 1990లో ఊపిరితిత్తుల గొట్టముల లోపొరలో ఒక కణమును సూదితో తాకగా, దానిలో కాల్షియం పెరిగి, ఆ పెరుగుదల కొన్ని క్షణములలో చుట్టుపట్ల కణములకు అలవలె ప్రాకెను. ఆ కణములపై గల సన్నని నూగు అప్పుడు మరింత వేగముగా కదలి దుమ్మును, కఫమును పైకి నెట్టును. కబురు కొన్నియెడల గోడలోని సన్నని ద్వారములగుండ పోవును. కొన్నియెడల ఒక కణము ఏటీపీ అను పదార్థమును వెలికి విడిచి పొరుగువాని తలుపు తట్టును. ఈ ఏటీపీని 1929లో అమెరికాలో ఫిస్కేతో కూడి కనుగొన్నవాడు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే యేట జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను. నేటి సీసాలోని లాక్టేటును 1930ల దశకములో హార్ట్‌మన్ అను శిశువైద్యుడు చేర్చెను.

రింగర్ కుమార్తె ఒకతె పసితనముననే మరణించెను. ఆమె జ్ఞాపకార్థము యార్క్‌షైరులోని లాస్టింగం గ్రామమందలి ప్రాచీన చర్చిని ఆయన 1879లో స్వంత ధనముతో బాగుచేయించెను. 1900లో పదవి విరమించి ఆ గ్రామమునకే చేరెను. 1910 అక్టోబరు 14న అచటనే కన్నుమూసెను. ఆయన సమాధి భార్య, కుమార్తెల సమాధుల చెంతనే కలదు.