అంచుకి పేరు పెట్టినాయన

ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకంలో మనందరం చదివిన సూత్రం ఒకటుంది. గుంటలూ సొరంగాలూ లేని బహుముఖిని దేన్నైనా తీసుకోండి. దాని శీర్షాలు, ముఖాలు లెక్కపెట్టి కలపండి. అందులోంచి అంచుల సంఖ్య తీసెయ్యండి. ఎప్పుడూ రెండే మిగులుతుంది. ఘనానికి 8 శీర్షాలు, 6 ముఖాలు, 12 అంచులు: 8 + 6 − 12 = 2. పరీక్షలో బిట్టులా రాసేసి ముందుకెళ్లిపోతాం. ఈ సూత్రాన్ని పట్టుకున్నాయన లియొన్‌హార్డ్ ఆయిలర్, మనం క్లాసులో యూలర్ అని పిలిచే ఆయనే. ఆయన జీవితం చదివాక నాకు ఆ రెండు మామూలు రెండులా కనపడటం మానేసింది.

ఆయిలర్ 1707 ఏప్రిల్ 15న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టాడు. తండ్రి పాల్ పాస్టర్. కొడుకు కూడా తన దారిలోనే నడవాలని ఆయన కోరిక. అయితే తండ్రికీ లెక్కల రుచి తెలుసు, చదువుకునే రోజుల్లో యాకోబ్ బెర్నూలీ పాఠాలు విన్నవాడే. 13 ఏళ్లకే యూనివర్సిటీలో చేరిన కుర్రాడు యాకోబ్ తమ్ముడు యోహాన్ బెర్నూలీ దృష్టిలో పడ్డాడు. యోహాన్‌కి విడిగా పాఠం చెప్పే తీరిక లేదు. కష్టమైన పుస్తకాలు సొంతంగా చదువుకుని, అర్థం కానివి శనివారం మధ్యాహ్నం వచ్చి అడగమన్నాడు. వీలైనన్ని తక్కువ సందేహాలతో ఆ గుమ్మం ఎక్కాలన్నది మనవాడి పంతం. మంచి గురువు అంటే ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

సొంత ఊళ్లో ఉద్యోగం దొరకలేదు. 1727లో, 20 ఏళ్ల వయసులో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీకి వెళ్లాడు. 1734లో కాథరీనా గ్జెల్‌ని పెళ్లి చేసుకున్నాడు. 13 మంది పిల్లలు పుడితే పెరిగి పెద్దయింది ఐదుగురే. 1738లో కుడికన్ను చూపు పోయింది. 1741లో బెర్లిన్ చేరాడు. అక్కడి రాజు రెండో ఫ్రెడరిక్ ఈయన ఒంటికన్ను మీద ఉత్తరాల్లో పరాచికాలాడాడు. ఆ ఒంటికంటితోనే ఆయిలర్ అంతకుముందు ఎవరూ చూడనిది చూశాడు.

1750 నవంబరులో మిత్రుడు గోల్డ్‌బాఖ్‌కి ఉత్తరం రాస్తూ ఈ సూత్రం సంగతి చెప్పాడు. యూక్లిడ్ ఘనరూపాల గురించి రాసి అప్పటికి రెండువేల ఏళ్లు దాటింది. ఇంతకాలం అందరూ పొడవులు, వైశాల్యాలు, ఘనపరిమాణాలు కొలిచారు. అసలు ఎన్ని మూలలున్నాయి, ఎన్ని గీతల దగ్గర ముఖాలు కలుస్తున్నాయి అని లెక్కపెట్టి, ఆ సంఖ్యల మధ్య సంబంధం వెతకాలన్న ఆలోచన రాలేదు. రెండు ముఖాలు కలిసే ఆ గీతకి స్థిరమైన పేరు కూడా లేదు. ఆయిలర్ దానికి లాటిన్‌లో ఆకియేస్ అనే మాట వాడాడు. కత్తి పదునుకి వాడే మాట అది. చీరకైనా గట్టుకైనా మనకి అంచు అనే మాట సిద్ధంగా ఉంది కాబట్టి, పేరు లేకపోవడం ఎంత పెద్ద అడ్డంకో మనకి తట్టదు. పేరు లేనిదాన్ని ఎవరు లెక్కపెడతారు?

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగింది. ఈ సూత్రాన్ని కచ్చితంగా నిరూపించడం తనకింకా చేతకాలేదని అదే ఉత్తరంలో ఒప్పుకున్నాడు. మొదటి వ్యాసంలో రకరకాల ఘనరూపాల మీద సరిచూసి చూపించాడు, అంతే. మరుసటి ఏడాది రుజువు రాశాడు. ఆలోచన చాలా తేలిక: మూలలు ఒక్కొక్కటే కోసేస్తూ పోవడం. మూడు త్రిభుజాలు కలిసే మూలని ఒక్క కోతతో తీసేశామనుకోండి. ఒక శీర్షం పోతుంది, మూడు అంచులు పోతాయి, మూడు ముఖాలు పోయి కోసినచోట కొత్తగా ఒకటి వస్తుంది. అంటే శీర్షాలు, ముఖాల మొత్తంలో మూడు తగ్గాయి, అంచుల్లోనూ మూడే తగ్గాయి. తేడా మారలేదు. మిగతా రకం మూలల్నీ ఇలాగే ముక్కలు చేసుకుంటూ పోతే చివరికి నాలుగు త్రిభుజాల పిరమిడ్ మిగులుతుంది. దానికి 4 + 4 − 6 = 2.

ఈ రుజువులో ఒక చిల్లు ఉంది. కోసే వరస సరిగ్గా లేకపోతే మిగిలిన ముక్క రెండుగా విడిపోయి, ఒక్క అంచు దగ్గరే అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు లెక్క తప్పుతుంది. లోటు లేని రుజువు 1794లో ఫ్రాన్స్‌లో లెజాండ్ర్ ఇచ్చాడు. కుంభాకార బహుముఖి లోపల దీపం పెట్టి, అంచుల నీడలు చుట్టూ ఉన్న గోళం మీద పడనిచ్చాడు. గోళం మీది బహుభుజి వైశాల్యం దాని కోణాల మొత్తాన్ని బట్టే తేలుతుంది. అన్ని వైశాల్యాలూ కలిపితే గోళం మొత్తం రావాలి. లెక్క వేస్తే ఆ రెండే బయటికొస్తుంది. చిల్లు పూడ్చింది వేరేవాళ్లు, దారి వేసింది మాత్రం ఆయిలర్.

కోణాల గురించి కూడా ఆయన ఒక చక్కని ఫలితం ఇచ్చాడు. బహుముఖి ముఖాల మీది కోణాలన్నీ కలిపితే, శీర్షాల సంఖ్యలోంచి రెండు తీసేసి 360 డిగ్రీలతో గుణించినంత వస్తుంది. ఘనంలో ఆరు చదరాలు, ఒక్కోదానికి 360, మొత్తం 2160. అటు 8 − 2 = 6, ఆరు 360లు కూడా 2160. దీన్నే ఇంకోలా చెప్పాలంటే, ఒక్కో మూల దగ్గర 360కి ఎంత తక్కువైందో చూసి అన్నీ కలిపితే ఎప్పుడూ 720 డిగ్రీలే. ఈ మాట అంతకు శతాబ్దం ముందే డెకార్ట్ రాసుకున్నాడు. కానీ ఆ కాగితాల నకలు 1860లో గానీ అచ్చవలేదు. ఆయిలర్‌కి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

1766లో మళ్లీ పీటర్స్‌బర్గ్ వెళ్లాడు. ఎడమకంటికి శుక్లం వచ్చింది. 1771లో ఇల్లు తగలబడింది. బాసెల్ నుంచే వచ్చిన పీటర్ గ్రిమ్ అనే పనివాడు మంటల్లోంచి ఈయన్ని మోసుకొచ్చాడు. అదే ఏడాది కంటికి ఆపరేషన్ జరిగింది, కొన్నాళ్లు చూపు వచ్చి మళ్లీ పోయింది. 1773లో కాథరీనా చనిపోయింది. చూపు లేదు, ఆవిడా లేదు. అయినా కొడుకులకీ సహాయకులకీ నోటితో చెబుతూ రాయించడం ఆపలేదు. 1775 ఒక్క ఏడాదిలోనే 50 దాకా వ్యాసాలు రాయించాడు. వారానికొకటి!

అందులో ఒకటి మన రోబోటిక్స్ వాళ్లకి రోజూ అవసరమయ్యేది. కేంద్రం కదలకుండా గోళాన్ని ఎన్ని రకాలుగా తిప్పినా, చివరికి అదంతా ఒకే అక్షం చుట్టూ ఒకే కోణంతో తిప్పినట్టే. రుజువుకి మాట్రిక్స్ కూడా అక్కర్లేదు. గోళం మీద భూమధ్యరేఖ లాంటి వృత్తం గీయండి. తిప్పాక పాత వృత్తం, కొత్త వృత్తం ఖండించుకునే బిందువు ఖ అనుకోండి. పాత వృత్తం మీది ఏదో బిందువు క తిరిగి ఖ దగ్గరికొచ్చింది, ఖ ఏమో కొత్త వృత్తం మీద గ దగ్గరికెళ్లింది. అంటే కఖ చాపమే ఖగ చాపం అయింది, పొడవు ఒకటే. ఈ మూడింటికీ సమదూరంలో గోళం మీద ధ అనే బిందువు తీసుకోండి. ధకఖ, ధఖగ త్రిభుజాలు సర్వసమానాలు. కాబట్టి మొదటిదాన్ని రెండోదాని మీదికి తెచ్చిన కదలిక ధని ఉన్నచోటే ఉంచాలి. అక్షం పోయేది ధ లోంచే. క, గ ఒకటే అయ్యే లాంటి ప్రత్యేక సందర్భాలు విడిగా చూసుకుంటే చాలు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రెండు హాఫ్‌ల మొదట్లో బంతిని అదే చోట పెడతారు కదా. మధ్యలో ఎన్ని తన్నులు తిన్నా, బంతి మీద కనీసం రెండు బిందువులు మొదటున్న చోటికే వచ్చి ఉంటాయి!

ఇది చెప్పేనాటికి ఆయనకి బంతి కనపడదు, కాగితం కనపడదు. తిరిగే గోళం, ఖండించుకునే వృత్తాలు, అన్నీ లోపలే. తేలిక రుజువు అంటే మనకి చిన్నచూపు. ఆయనకి మాత్రం అప్పుడు అదే దిక్కు: మనసులో పట్టేంత చిన్నదిగా, ఒకరికి నోటితో చెప్పగలిగేంత తేటగా ఉండాలి.

1783 సెప్టెంబరు 18న, 76 ఏళ్ల వయసులో, కొత్తగా కనుక్కున్న యురేనస్ కక్ష్య గురించి మాట్లాడిన రోజే ఆయన పోయాడు. మిగిల్చిన వ్యాసాల్ని అకాడమీ దశాబ్దాల పాటు అచ్చువేస్తూనే ఉంది.

అన్నట్టు, అంచుకి ఆయన ఎంచుకున్న ఆ లాటిన్ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. కంటిచూపు.